పెంకుల గిన్నె

మా బేకరీ వెనక పెరట్లో ఒక రోడోడెండ్రాన్ పొద ఉండేది. ఆ పేరు పలకాలంటే మా ఇంట్లో సగం మందికి నోరు తిరగదు, మిగతా సగం మందికి ఓపిక చాలదు. అందుకని అందరం "అత్తయ్య మొక్క" అనేవాళ్లం. మా అత్తయ్య పెళ్లికి ముందు ఒక పూలమొక్కల తోటలో పనిచేసేవారు. ఈ ఇంటికి వస్తూ వస్తూ దాన్ని ఒక రేకు డబ్బాలో పెట్టుకుని తెచ్చుకున్నారు. చలి తగ్గే రోజుల్లో పొద నిండా లేత గులాబీ రంగు గుత్తులు విరగబూసేవి. రొట్టెలకని వచ్చినవాళ్లు ముందు పక్క సందులోంచి పెరట్లోకి తొంగిచూసి, ఆ తర్వాతే కొట్లోకి వచ్చేవారు.

ఆ మొక్క బలమంతా గుడ్డు పెంకుల్లో ఉందని మా వాళ్లందరి నమ్మకం. బేకరీ అన్నాక పెంకులకేం కొదవ? మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక మామయ్య ఓవెన్ పని మా ఆయనకి అప్పగించి, గుడ్లు కొట్టే పని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. పొద్దున్నే ముక్కాలి పీట మీద కూర్చుని, ఒంటి చేత్తో టక్కున కొట్టి, సొన గంగాళంలోకి, పెంకు పక్కనున్న ఎనామిల్ గిన్నెలోకి వేసేవారు. పెంకు సరిగ్గా రెండు దొప్పలయ్యేది తప్ప ముక్కలయ్యేది కాదు. అది ఆయనకి పరువు సమస్య. గిన్నె నిండాక దాన్ని పట్టుకుని పెరటి గుమ్మం దాకా వచ్చి, "ఏమోయ్, నీ మొక్కకి టిఫిన్" అని కేకేసేవారు.

అత్తయ్య ఎక్కడున్నా చేతిలో పని వదిలేసి వచ్చేవారు. "ఇటివ్వండి, నేను వేస్తాలెండి" అని గిన్నె అందుకునేవారు. అందుకున్నాక వెంటనే వెళ్లేవారు కాదు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఏవో కబుర్లు చెప్పుకునేవారు. రొట్టెల పని నిద్ర లేచింది మొదలు ఊపిరి సలపనివ్వదు. రోజు మొత్తంలో వాళ్లు తీరిగ్గా మాట్లాడుకునేది ఆ కాసేపే. తర్వాత ఆవిడ పెరట్లోకి, ఆయన కొట్లోకి. కాపురానికొచ్చిన కొత్తలో నేనిది చూసి, ఈ వయసులో వీళ్ల సరసాలేమిటో అని నవ్వుకునేదాన్ని.

అత్తయ్య పోయాక గిన్నె అందుకునే చెయ్యి లేకుండా పోయింది. మామయ్యే మెట్లు దిగి వెళ్లి మొక్క మొదట్లో పోయడం మొదలుపెట్టారు. ఊరికే పోస్తే ఏం బాగుంటుందనుకున్నారో ఏమో, ఓవెన్ ఆర్పాక మిగిలే వేడిలో ఆ పెంకుల్ని ఎండబెట్టి, పాత మిక్సీలో మైదా అంత మెత్తగా పొడి కొట్టి, జల్లెడ పట్టి మరీ వేసేవారు. బేకరీ మనిషి కదా, జల్లెడ పట్టనిదే మనసొప్పదు. మొక్క పూలు తగ్గించింది. ఆయన పొడి పెంచారు. ఆకులు పాలిపోయాయి. ఆయన ఇంకాస్త పెంచారు.

చివరికి ఆ ఏడు ఒక్క మొగ్గ కూడా వెయ్యలేదు. కొత్త ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తున్నాయి. ఒక కొమ్మ తుంచి పట్టుకుని, సైకిల్ రిపేరు కొట్టు పక్కనున్న నర్సరీకి వెళ్లాను. నర్సరీ ఆవిడ ఆకు తిప్పి చూసి, "దీనికి సున్నం ఎవరేశారు?" అంది.

"సున్నమా? మేమెవరం వెయ్యలేదండీ. గుడ్డు పెంకులు వేస్తాం, అంతే."

"గుడ్డు పెంకంటే ఏంటనుకున్నారు మరి?"

ఆవిడే చెప్పింది, పెంకంతా సున్నమేనట. ఈ జాతి మొక్కకి పులుపు మట్టి కావాలట. మట్టిలో సున్నం చేరితే, పక్కనే తిండి ఉన్నా వేరు అందుకోలేదట. "మొదలు దగ్గర బెరడు గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మట్టి మార్చి బతికించుకోవచ్చు. గోధుమ రంగులో ఉంటే ఆశ వదులుకోండి. పైనేమన్నా పచ్చికొమ్మలుంటే కత్తిరించి, వేళ్లు పట్టేలా మట్టిలో గుచ్చుకోండి" అంది.

ఇంటికొచ్చి గీకాను. గోధుమ రంగు. ఇంకోచోట గీకాను. అక్కడా అంతే. అత్తయ్య పోయిననాడు ఏడుపు దిగమింగుకుని వచ్చినవాళ్లకి టీలు పెట్టినదాన్ని, ఆ బెరడు చూసి పెరట్లో కూర్చుని ఏడ్చాను.

మా ఆయన్ని పిండి గోదాములోకి పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన బస్తా మీద కూలబడ్డారు.

"నాన్నకి చెప్పకు" అన్నారు.

"చెప్పకపోతే ఎలా? రేపు మళ్లీ పొడి పోస్తారు."

"అమ్మ పోయాక ఆయనకి మిగిలింది అదొక్కటే. దాన్ని తన చేత్తోనే చంపుకున్నానని తెలిస్తే మనిషి తట్టుకోలేడు. ఏదో ఒకటి చెప్పి మాన్పించు. ఈలోగా ఆ కొమ్మలేవో గుచ్చు. కొత్త మొక్క చూపిస్తే పాతది పోయినా కాస్త నిబ్బరంగా ఉంటాడు."

ఏదో ఒకటి చెప్పి మాన్పించాలట! నా నోట్లో నువ్వుగింజ నానదని ఈయనకి తెలియదా? కోపమైనా సంతోషమైనా వెంటనే బయటికి కక్కేసే మనిషిని. అయినా మామయ్య మొహం గుర్తొచ్చి సరేనన్నాను.

మర్నాడు గిన్నె పట్టుకుని మెట్లు దిగబోతున్న ఆయనకి అడ్డం వెళ్లాను. "మామయ్యా, పెంకులకి చీమలు పడుతున్నాయి. కొన్నాళ్లు వద్దట."

"ఎవరన్నారు?"

"నర్సరీ ఆవిడ."

"ఆవిడకేం తెలుసు? మీ అత్తయ్య ఇన్నేళ్లు వేసింది, ఏ చీమా రాలేదు."

"వద్దన్నానా! ఒక్కసారి చెప్తే వినిపించుకోరేం?" అని గొంతు పెంచేశాను. ఆయన నా మొహంలోకి చూసి వెనక్కి తిరిగారు. గిన్నె చెత్తబుట్టలో ఒంపిన చప్పుడు వినిపించింది. చెయ్యాల్సిన పనే చేశాను గానీ, ఆ చప్పుడు నాకేం నచ్చలేదు.

ఇక కొమ్మలు గుచ్చే పని. నర్సరీ ఆవిడ చెప్పినట్టే చేశాను. ఈ ఏడు వేసిన కొమ్మలే కావాలి. మరీ లేతగా ఉంటే కుళ్లిపోతాయి, మరీ ముదిరితే వేరు పట్టవు. వంచితే వంగాలి, విరక్కూడదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కత్తిరించి, కింది ఆకులు తీసేసి, పైన ఉంచిన ఆకుల్ని సగానికి కోశాను. ఆకు పెద్దదైతే వేరు లేని పుల్ల దాని దాహం తీర్చలేదట. అడుగున ఒక పక్క బెరడు సన్నగా చెక్కి, వేళ్లు పుట్టించే పొడిలో అద్ది, పులుపు గుణమున్న పీటు మట్టి, ఇసుక కలిపిన ట్రేలో గుచ్చాను. అడుగు నుంచి కాస్త వెచ్చదనం తగులుతుండాలని ఆవిడ అంది. మా బేకరీలో అలాంటి చోటు వెతుక్కోనక్కర్లేదు. రొట్టె పిండి పొంగడానికి పెట్టే బీరువా ఉంది. దాని నెత్తి ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది, పక్కనే కిటికీ. ట్రే తీసుకెళ్లి దాని మీద పెట్టాను.

"పొంగితే చెప్పు, ఓవెన్‌లో పెడతాను" అన్నారు మా ఆయన. వేళాకోళం అంతటితో ఆగలేదు. అటు వెళ్లినప్పుడల్లా, పిండిని వేలితో నొక్కి చూసే అలవాటుకొద్దీ, ఒక పుల్ల పట్టుకుని పైకి లాగి చూసేవారు. వేరు పుట్టిందా అని! చేతి మీద ఒక్కటేశాను. అయినా ఫలితం లేకపోయింది. కొన్నాళ్లకి పుల్లల మొదళ్ల దగ్గర బూజు పట్టింది. గాల్లో ఎగిరే పిండి ట్రే మీద పడి, ఆ తడికి బూజయింది. ట్రే మొత్తం పారబోశాను.

ఈలోగా పెరట్లో మొక్క ఆకులు రాల్చుకుంటోంది. దానితోపాటు మామయ్యా తగ్గిపోతున్నారు. అన్నం సయించదంటారు. గుడ్లు కొట్టడం అయ్యాక, ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు, ఖాళీ అవ్వని గిన్నె ఒళ్లో పెట్టుకుని పెరటి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. జన్మలో ఎన్నడూ లేనిది, సొనలో పెంకు ముక్కలు పడుతున్నాయి. కేకులో పంటికి పెంకు తగిలిందని ఒక కస్టమరు వచ్చి నా మీద ఎగిరాడు. వాడితో సమానంగా నేనూ ఎగిరాను. వాడు వెళ్లాక చూస్తే, మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన చేతిలోంచి లాక్కున్నది పెంకులనే అనుకున్నాను నేను.

నర్సరీ ఆవిడ దగ్గరికి మళ్లీ పరిగెత్తాను. బూజు సంగతి విని మూతలు పెట్టమంది. తర్వాత, "ఏ నీళ్లు పోశారు?" అని అడిగింది.

"కుళాయి నీళ్లు."

"మీ కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుందా?"

"పేరుకుంటుంది. గీకలేక చస్తున్నాం."

"అదీ సున్నమే. వాన నీళ్లు పట్టుకోండి."

పొదలో ఇంకా ప్రాణమున్న కొమ్మలు గుప్పెడు కూడా లేవు. అవి కత్తిరించానంటే ఇక వెనక్కి చూసుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని ముందు నీళ్ల సంగతి చూడాలనుకున్నాను. పిండి గోదాము రేకుల మీద పడిన వాన నీరు వెనక గొట్టంలోంచి కిందికి దిగుతుంది. గోదాము గోడకీ ప్రహరీకీ మధ్య మనిషి పట్టేంత సందు. అటెవరూ వెళ్లరు. గొట్టం కింద డ్రమ్ము పెడదామని, నేల చదును చెయ్యడానికి పార పట్టుకుని దూరాను.

పార వెయ్యగానే కరకరమంది. రాళ్లేమో అనుకున్నాను. మళ్లీ వేశాను, మళ్లీ అదే చప్పుడు. పైనున్న ఎండుటాకులు తోసి చూద్దును కదా, తెల్లగా పెంకులు. వంగి చేత్తో తవ్వాను. పెంకుల కింద పెంకులు. గోడ వారగా సందు చివరిదాకా దొప్పలో దొప్ప ఒదిగి, పొరలు పొరలుగా, అడుగున నలిగి మట్టిరంగు తిరిగినవి, పైన ఇంకా తెల్లగా ఉన్నవి. అన్నీ సగానికి సరిగ్గా విరిగిన పెంకులు. అలా కొట్టే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే.

పార వదిలేసి అక్కడే గోడకి ఆనుకున్నాను. పూలతోటలో పనిచేసిన మనిషికి తన మొక్కకి ఏది పడుతుందో, ఏది పడదో తెలియకుండా ఉంటుందా? ఈ ఆలోచన ఇన్నాళ్లూ మాలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు. "ఇటివ్వండి, నేను వేస్తాలెండి" అని గిన్నె అందుకుని, ఆయన అటు తిరగగానే ఈ సందులోకి వచ్చి పోసి వెళ్లేవారన్నమాట. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, కాపురం చేసినన్నాళ్లూ. ఎప్పుడూ నోరు జారలేదు. కొడుక్కి చెప్పలేదు, నాకు చెప్పలేదు. నేనైతే మొదటి రోజే అరిచి గోల చేసి ఉందును. నేను చేసిందీ అదే కదా!

ఆ మధ్యాహ్నం మామయ్య దగ్గరికి వెళ్లాను. "మామయ్యా, చీమలు పోయాయి. రేపట్నుంచి పెంకులు నాకివ్వండి. నేనే వేస్తాను."

ఆయన తలెత్తారు. "పొడి కొట్టి ఇవ్వనా?"

"వద్దు, అత్తయ్యకి ఇచ్చినట్టే ఇవ్వండి."

మర్నాడు గిన్నె గుమ్మం దాకా వచ్చింది. నేను అందుకుని, కాస్త నిలబడి ఆ మాటా ఈ మాటా చెప్పి, ఆయన లోపలికి వెళ్లాక సందులో పోసి వచ్చాను. వారం తిరక్కుండా సొనలో పెంకులు పడటం ఆగిపోయింది. ఆయన అన్నం రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. అబద్ధమాడటం నాకు చేతకాదనుకునేదాన్ని గానీ, అత్తయ్య వేసిన దారి ఉండబట్టి పెద్ద కష్టమేమీ కాలేదు.

మిగిలిన కొమ్మలన్నీ కత్తిరించి రెండోసారి గుచ్చాను. ఈసారి వాన నీళ్లు. కేకులకి వాడే అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బాలు ట్రే మీద బోర్లించాను, పిండి పడకుండా. మా ఆయన చెయ్యి పడకుండా వాటి మీద బరువులు పెట్టాను. నెలలు గడిచాయి. కొన్ని నల్లబడి పోయాయి. కొన్ని అలాగే, అటు చావక ఇటు బతకక పచ్చగా నిలబడ్డాయి. ఒకరోజు మూత తీసి ఒకదాన్ని మెల్లిగా కదిపితే రాలేదు. మట్టి గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకోటి కదిపాను, అదీ రాలేదు. కొట్లో జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా "పట్టేసిందోయ్!" అని అరిచాను. మా ఆయన చేతులకి పిండి, నెత్తికి టోపీతో అలాగే పరిగెత్తుకొచ్చారు. ఒక్కదాన్ని, ఒక్కసారే లాగి చూసుకోనిచ్చాను.

ఆ వారంలోనే పెరట్లో మొక్క పూర్తిగా ఎండిపోయింది.

మామయ్య దాని ముందు చాలాసేపు నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాను. లోపలికి వచ్చి, "పెంకులు మళ్లీ వేస్తున్నా పోయిందేమిటమ్మాయ్?" అన్నారు.

"పాతబడింది కదా మామయ్యా. పిల్లమొక్కలు బతికాయిగా, మీరు దిగులు పడకండి" అని పని ఉన్నట్టు కొట్లోకి వెళ్లిపోయాను. అక్కడే పొరపాటు చేశాను. తిరిగొచ్చేసరికి బీరువా దగ్గర మూతలన్నీ తీసి ఉన్నాయి. మామయ్య ఎడమ చేతిలో స్టీలు డబ్బా, కుడి చేతిలో చెంచా. డబ్బాలో తెల్లటి మెత్తటి పొడి. ఎప్పుడు కొట్టి దాచుకున్నారో! మొదటి మొక్క మీదికి చెంచా వంచబోతున్నారు.

"వద్దు!" అని అరిచి ఆయన మణికట్టు పట్టుకున్నాను. పొడి నేల మీద పడింది.

"చిటికెడే వేస్తున్నానమ్మా. తల్లి ఎటూ పోయింది, వీటికైనా చిన్నప్పట్నుంచే బలం పడాలి కదా."

"అది బలం కాదు మామయ్యా, సున్నం. ఈ మొక్కకి సున్నం విషం. వేస్తే ఇవీ పోతాయి."

ఆయన చెంచా వైపు చూశారు. పెరటి వైపు చూశారు. "అంటే... నేనే..." అన్నారు.

ఆయన తడుముకుంటూ వెళ్లి పీట మీద కూర్చున్నారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నా వైపు ఉరిమి చూస్తున్నారు. మామయ్యే అన్నారు: "మరి మీ అత్తయ్య ఇన్నేళ్లు వేసిందిగా? అప్పుడేం కాలేదే? నువ్వు నాకేదో దాస్తున్నావ్."

"రండి" అన్నాను. చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, గోదాము వెనక్కి తీసుకెళ్లాను. సందులోకి ముందు ఆయన్నే దూరనిచ్చి, పారతో ఆకులు పక్కకి తోశాను.

ఆయన మోకాళ్ల నొప్పి మర్చిపోయి కూర్చున్నారు. ఒక దొప్ప తీసి అంచు మీద వేలు రాశారు. ఇంకోటి తీశారు. అడుగు నుంచి నలిగిపోయినది ఒకటి తీసి, అరచేతిలో పెట్టుకుని చూశారు. "నేను కొట్టినవే" అన్నారు. "అన్నీ నేను కొట్టినవే. ఒక్కటీ వెయ్యలేదా?"

"ఒక్కటీ వెయ్యలేదు."

"ఇవన్నీ మోసుకొచ్చి ఇక్కడ పోసిందా?" గొంతులో కోపం వినిపించింది. ఆ కోపం నిలబడలేదు. "పిచ్చిది! 'ఇది పడదండీ, తేకండీ' అని నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా?"

"చెప్తే, మీరు పనులన్నీ మానుకుని రోజూ గుమ్మం దాకా వచ్చేవారా మామయ్యా?"

గోడకి చెయ్యి ఆన్చి తల వంచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను కొంగు నోట్లో కుక్కుకుని, ఆయన్ని ఒంటరిగా వదిలి బయటికి వచ్చేశాను. చాలాసేపటికి వచ్చారు. మోకాళ్ల దగ్గర పంచెకి తెల్లగా పెంకుల పొడి అంటుకుని ఉంది. దాన్ని దులుపుకోకుండానే లోపలికి వెళ్లారు.

మర్నాడు నేను పెరట్లో చిన్న మొక్కల్ని ఒక్కొక్కటిగా కుండీల్లోకి మారుస్తున్నాను. అవి పూయాలంటే ఇంకా ఏళ్లు పడుతుందని నర్సరీ ఆవిడ ముందే చెప్పింది. లోపల గుడ్లు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగాక ఇక గిన్నె రాదనుకుని నా పనిలో నేనున్నాను.

"అమ్మాయ్, నీ మొక్కలకి టిఫిన్."

చూస్తే మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో గిన్నె, దాని నిండా సరిగ్గా విరిగిన దొప్పలు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

మట్టి చేతులు చీరకి తుడుచుకుని లేచాను. "ఇటివ్వండి, నేను వేస్తాలెండి."

కాసేపు నిలబడి మాట్లాడుకున్నాం. పిండి ధర గురించి, మా ఆయన ముందు రోజు మాడ్చిన బన్నుల గురించి. తర్వాత నేను గిన్నె తీసుకుని గోదాము వెనక్కి వెళ్లి, సందులో పోసి వచ్చాను. ఆయన అక్కడే ఉన్నారు.

"వేశావా?"

"వేశాను మామయ్యా."

"ఆవిడా సరిగ్గా ఇలాగే చెప్పేది" అన్నారు. రేపటికి కావాలంటూ నా చేతిలోంచి గిన్నె తీసుకుని, కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లారు.